చిరిగిన రేకు లోపలికి

రా తల్లీ, ఇటు జరుగు. అలా గోడ వైపు తిరిగి పడుకుంటే ఈ అమ్మమ్మ తన కథ గోడకి చెప్పుకోవాలి. అన్నం తినలేదట, కడుపునొప్పన్నావట. మీ అమ్మ వాము నలిపి పెడతానంటే నేనే వద్దన్నాను. పరీక్షల రోజుల్లో వచ్చే కడుపునొప్పికి వాము పనిచెయ్యదు.

ఇవాళ ఏం తప్పు రాశావో నేను అడగను. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్. కథ మాత్రం విను. మధ్యమధ్యలో ఊఁ కొట్టకపోతే ఆపేస్తాను, ముందే చెబుతున్నాను.

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి గట్టు దిగగానే, ఇంటింటా పొయ్యి మీద కుండ బోర్లించి ఉండేదట. మన ఇళ్ళల్లో కుండ బోర్లించారంటే తినడానికేమీ లేదని అర్థం. ఆ ఊళ్ళో మాత్రం కుండ బోర్లించారంటే పని మొదలుపెట్టారని అర్థం. వాళ్ళంతా పూతరేకులు చేసుకుని బతికేవాళ్ళు.

పూతరేకులు తినడమేగా నీకు తెలుసు. ఎలా చేస్తారో చెబుతాను విను. పెద్ద కుండని పొయ్యి మీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళలా జారుగా కలుపుతారు. అప్పుడు ఆ పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ లాగడం, రేకు కట్టడం, దాన్ని తియ్యడం, మూడూ రెప్పపాటులో అయిపోవాలి. ఆ రేకు ఎంత పలచనంటే, మొహానికి అడ్డం పెట్టుకున్నా నవ్వుతున్నావో ఏడుస్తున్నావో అవతలి వాళ్ళకి తెలిసిపోతుంది.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. నీలాగే రెండు జడలు, నీలాగే మొండి. వాళ్ళమ్మ పేరు సత్తెమ్మ. రేకు తియ్యడంలో ఆవిడది ఊళ్ళో పేరున్న చెయ్యి. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు దింపడానికి గోదారి మధ్య లంకల్లోకి వెళితే మళ్ళీ సాయంత్రమే రావడం.

ఆ ఇళ్ళల్లో పిల్లలకి మాటలు వచ్చీ రాకముందే ఒకటి నేర్పేవాళ్ళు. తీసి పెట్టిన రేకుని తిరగెయ్యకూడదు. పెట్టింది పెట్టినట్టే ఉండాలి. తిరగేశావా, అది కాస్తా చిరిగి చేతికొస్తుంది. నూకరత్నం బుడిబుడి నడకలప్పుడు రేకులు తిరగేయబోయి వీపు మీద ఒకటి తిన్నది. అప్పటినుంచీ పలచటిది ఏది కనబడినా ఆ పిల్ల చెయ్యి దానంతట అదే ఆగిపోయేది. గోడ మీది కేలండరు కాగితం కూడా వాళ్ళమ్మే తిప్పాలి.

నవ్వకు. నువ్వూ అంతేగా, ఇప్పటికీ గడప మీద కూర్చోవు, నేను వద్దన్నానని.

సరే, అలా ఉండగా ఏడాది చివరి పరీక్షలొచ్చాయి. ముందు తెలుగు, ఆ తర్వాత లెక్కలు, ఆ తర్వాత సైన్సు. మూడూ రాస్తేనే పై తరగతి. ఒక్కటి ఎగ్గొట్టినా మళ్ళీ అదే తరగతిలో, అదే బల్ల మీద కూర్చోవాలి. నూకరత్నానికి అమ్మాజీ అని ఒక స్నేహితురాలుండేది. ఇద్దరూ ఒకే బల్ల. విడిపోతే ఎలాగా అని ఇద్దరికీ బెంగే.

మొదటి రోజు తెలుగు. మాస్టారు ప్రశ్నపత్రం ఇచ్చారు. ఒకటే కాగితం, అదీ ఎంత పలచటిదో, వెలుతుర్లో పెడితే వేళ్ళు కనబడేవట. నూకరత్నం దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టుకుంది. ఒక్కో ప్రశ్నా చదివింది, ఒక్కో జవాబూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అందరికంటే ముందే అయిపోయింది. ఎంత తేలిగ్గా ఇచ్చారో అనుకుని, చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అప్పుడు గంట కొట్టారు. బయటికి రాగానే అమ్మాజీ పరిగెత్తుకుంటూ వచ్చి, ఆ పద్యం రాశావా అని అడిగింది. ఏ పద్యం అంది నూకరత్నం. కాగితం వెనకాల ఉందిగా, నీకు బాగా వచ్చిన పద్యమే అంది అమ్మాజీ.

కాగితానికి వెనకవైపు ఉందనే తోచలేదు నూకరత్నానికి. తిరగెయ్యకూడదని నేర్చుకున్న చెయ్యి, తిరగెయ్యలేదు. ఆ పద్యం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలదు. ఆ వెనక ఉన్నవన్నీ వచ్చినవే. రానివి పోతే ఒక బాధ. వచ్చినవి పోతే ఇంకో బాధ, అది గొంతులో ముల్లులా దిగదు, బయటికి రాదు.

ఇంటికెళ్ళాక ఎలా రాశావే అని సత్తెమ్మ అడిగింది. బాగానే రాశాను అంది నూకరత్నం. ఆ మాట అన్నాక అన్నం సయించలేదు. నీకు తెలుసుగా, ఎందుకు సయించదో.

రెండో రోజు లెక్కలు. పాము కరిచినవాడు తాడుని చూసినా ఉలిక్కిపడతాడంటారు చూడు, ఆ పిల్ల అలాగే ఉంది. కాగితం చేతికి రాగానే వెనక్కి తిప్పింది. వెనకాల లెక్కలున్నాయి. అప్పుడు ముందుకి తిప్పి మొదటి లెక్క మొదలుపెట్టింది. సగం చేసేసరికి, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పేసరికి ఎక్కడ ఆగిందో మర్చిపోయింది. ఇలా తిప్పడం, చూడడం, తిప్పడం, చూడడం. మాస్టారు దగ్గరికొచ్చి, గాలికి ఎగురుతోందా అమ్మా, బరువు పెట్టనా అని కూడా అడిగారు పాపం.

ఆ కంగారులో కాగితం అంచు చిరిగింది. చిరిగిన అంచుని చూస్తూ కాసేపు కూర్చుంది. ఆ తర్వాత గంట కొట్టేశారు. వచ్చిన లెక్కలే సగం అలా మిగిలిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

మొదటి రోజు చేసింది ఒక తప్పు తల్లీ. రెండో రోజు తప్పేమీ చెయ్యలేదు. మొదటి రోజు తప్పుని వెంటబెట్టుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. ఊఁ కొట్టు. ఆ, వింటున్నావు.

మర్నాడు ఆదివారం. ఆ మర్నాడు సైన్సు. నూకరత్నం చాప మీద పడుకుని ఒక నిర్ణయానికొచ్చింది. ఇక పరీక్షకి వెళ్ళకూడదు. అమ్మాజీ పై తరగతికి పోతే పోనీ, నేనిక్కడే ఉంటాను, మూడోది కూడా పాడుచేసే కంటే అసలు రాయకపోవడమే నయం అనుకుంది. అమ్మతో ఏం చెప్పాలో కూడా ఆలోచించిపెట్టుకుంది. కడుపునొప్పి.

నేనేం అన్లేదమ్మా. కథలో ఉన్నదే చెబుతున్నాను.

ఆ ఆదివారం సత్తెమ్మకి పెళ్ళివారి పని ఉంది. సారెలోకి పూతరేకులు కావాలట. ఎప్పుడూ పక్కన కూర్చుని సాయం చేసే వాళ్ళక్కకి మణికట్టు బెణికింది. అందుకని సత్తెమ్మ కూతుర్ని పిలిచింది. కడుపునొప్పి అంది కూతురు. కడుపునొప్పికి పొయ్యి దగ్గర వేడి మంచిదే, వచ్చి కూర్చో అంది తల్లి. తల్లుల్ని మోసం చెయ్యడం అంత తేలికనుకున్నావా.

అలా నూకరత్నం కుండ ముందు కూర్చుంది. గుడ్డ పిండిలో ముంచి లాగింది. రేకు కట్టింది, కానీ తీసేటప్పుడు మధ్యలో చిరిగింది. చిరిగినదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. ఈలోగా కుండ మరీ కాలిపోయింది.

అప్పుడు రెండో రేకు వేసింది. కుండ వేడెక్కి ఉందిగా, అది అంచు దగ్గర పెళుసెక్కి విరిగింది. అతుకుదామని విరిగిన చోట వేలితో ఇంత పిండి రాసింది. అతుకు పడలేదు సరికదా, రేకంతా నల్లగా మాడి కంపు కొట్టింది. వేలు కూడా చురుక్కుమంది.

ఆ తర్వాత మూడోది. కాలిన వేలితో గుడ్డే సరిగ్గా లాగలేకపోయింది. రేకు పీలికలు పీలికలుగా వచ్చింది. నూకరత్నం గుడ్డని పిండిలో వదిలేసి మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకుని ఏడ్చింది. రెండు రోజుల ఏడుపు అంతా అప్పుడొచ్చింది.

సత్తెమ్మ గబుక్కున మండే ఆకు పొయ్యిలోంచి బయటికి లాగింది. చిరిగిన రేకుకి ఏ పిల్లా అంతలా ఏడవదని ఆవిడకి తెలుసు. పక్కన కూర్చుంది. ఏమైందని అడగలేదు. మాడిన రేకు కుండ మీంచి గోకుతూ కూర్చుంది. కాసేపటికి నూకరత్నమే మొహం ఎత్తకుండా చెప్పింది.

"అమ్మా, తెలుగు పరీక్షలో కాయితం తిరగెయ్యలేదే. ఎనకాల పద్యం ఉంది. నాకొచ్చిందే."

ఆ తర్వాత మిగతాదంతా చెప్పింది. లెక్కల సంగతీ చెప్పింది, కడుపునొప్పి సంగతీ చెప్పింది. సత్తెమ్మకి ముందు మనసు చివుక్కుమంది. పరీక్ష పోయినందుకు కాదు, ఇంత బరువు మోసుకుంటూ పిల్ల తన పక్కనే పడుకుందే, తనకి తెలియలేదే అని. పిండి చేత్తోనే కూతురి తల నిమిరింది. జుట్టంతా తెల్లబడింది.

"తిరగెయ్యొద్దని సెప్పింది నేనే కదే పిచ్చి తల్లీ. రేకుకని సెప్తే నువ్వు కాయితానికి కూడా ఇనేశావు."

అలా అని నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ నవ్వుతుంటే నూకరత్నానికీ ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది, ముక్కులోంచి బుడగ కూడా వచ్చింది. అప్పుడు భయంభయంగా అడిగింది, మరి ఆ పోయిన మార్కులు మళ్ళీ రావా అని.

సత్తెమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. పోయినవి రావు అంది. రేకు అతకలేనట్టే అవీ అతకలేమంది. ఆ తర్వాత ఆకు మళ్ళీ పొయ్యిలోకి తోసి, గుడ్డ పిండిలో ముంచి, ఇటు చూడు అంది.

ఆవిడ చెయ్యి కుండ మీద ఆడుతుంటే గాలి కదిలినట్టుంది. ఒక రేకు, ఇంకో రేకు, ఇంకోటి. మధ్యలో ఒకటి చిరిగింది. ఆవిడ చెయ్యి ఆగలేదు. చిరిగినదాన్ని పక్కన గంపలో వేసి, అప్పుడే గుడ్డ ముంచేసింది. కళ్ళు కుండ మీదే ఉన్నాయి. నూకరత్నానికి ఆశ్చర్యం వేసింది. వాళ్ళమ్మకీ చిరుగుతాయని ఎప్పుడూ గమనించలేదు ఆ పిల్ల.

నీకు కూడా చిరిగిందేంటమ్మా అని అడిగింది. రోజూ చిరుగుతాయి అంది సత్తెమ్మ. పొద్దున కుండ దారికొచ్చేదాకా చిరుగుతాయి, ఎవరైనా పిలిస్తే చిరుగుతాయి, ఊరికే కూడా చిరుగుతాయి అంది.

"సిరిగిందాన్ని సూత్తా కూకుంటే కుండ ఆగుద్దేటి? తరవాతేసే రేకు మాడిపోద్ది. పక్కనెట్టి ఇంకోటెయ్యి."

మధ్యాహ్నానికి గంపలో చిరిగిన రేకులు కాస్త పోగయ్యాయి. వాటిని పారేస్తారనుకుంది నూకరత్నం. సత్తెమ్మ పీట మీద ఒక నిండు రేకు పరిచింది. తడి గుడ్డతో అలా అద్ది మెత్తబరిచింది. దాని మీద చిరిగిన రేకులు ముక్కలు ముక్కలుగా పేర్చింది. నెయ్యి రాసింది, బెల్లం పొడి జల్లింది, అటూ ఇటూ మడిచి చుట్టేసింది. నున్నగా, తెల్లగా, పెళ్ళివారి పళ్ళెంలో పెట్టేలాంటి పూతరేకు తయారైంది. కూతురి చేతిలో పెట్టింది.

నూకరత్నం కొరికింది. నోట్లో పెట్టగానే కరిగిపోయింది. ఎక్కడ చిరిగిందో నాలిక్కి తెలియలేదు. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల తిన్న మొదటి ముద్ద అది. బెల్లం పెదాలకి అంటుకుంటే అదీ నాక్కుంది.

"సిరిగిన రేకు లోపలికి, నిండు రేకు పైకి," అంది సత్తెమ్మ. "నీయి రెండు సిరిగాయి. పై రేకు ఇంకా తియ్యలేదు కదే."

నూకరత్నం వేళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి సైన్సు పుస్తకం తీసింది. నేను చూస్తుంటే బడాయి చదువు చదువుతావే, అలా కాదు. చెవుల మీద చేతులు పెట్టుకుని, నిజం చదువు చదివింది.

మర్నాడు పరీక్ష. కాగితం చేతికి రాగానే వెనక్కి తిప్పబోయి ఆగింది. ముందువైపువి ముందు రాయాలి, అయ్యాక తిప్పాలి అనుకుంది. ఒక్కోటీ రాసుకుంటూ పోయింది. మధ్యలో పువ్వు బొమ్మ వేసి పేర్లు పెట్టమన్నారు. బొమ్మ చక్కగా వేసింది. తీరా పేర్లు పెట్టేటప్పుడు కేసరాలని రాయాల్సిన చోట ఆకర్షక పత్రాలని రాసేసింది, అదీ సిరాతో.

చూసుకోగానే వేలు నోట్లో తడిపి రుద్దబోయింది. నువ్వూ చేస్తావుగా ఆ పని, కాగితానికి చిల్లు పెట్టేదాకా. కానీ కాలిన వేలు నాలిక్కి తగిలి ఇంకా చురుక్కుమంది. అతుకు వేస్తే ఏమైందో గుర్తొచ్చింది. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన పేరు రాసి, మళ్ళీ దాని వంక చూడకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది. చివరికి ముందువైపంతా అయ్యింది. అప్పుడు కాగితం తిరగేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సత్తెమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకు కట్టలు కడుతోంది. బాగా రాశావా అని అడగలేదు. మంచి మార్కులొస్తాయా అని అడగలేదు.

"తిరగేశావా?" అంది.

"తిరగేశాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే," అంది నూకరత్నం.

సత్తెమ్మ జరిగి, పక్కన చోటిచ్చింది.

ఆ తర్వాత ఏమైందంటావా? మార్కులొచ్చాయి. తెలుగులో తక్కువే వచ్చాయి. వెనక పేజీ మొత్తం వదిలేశావేంటమ్మా అని మాస్టారు అడిగితే అందరూ నవ్వారు, నూకరత్నం చెవులు ఎర్రబడ్డాయి కూడా. పద్యం రాసిన అమ్మాజీకే మొదటి మార్కు. లెక్కల్లో గట్టెక్కింది. సైన్సు బాగా వచ్చింది. ఏదైతేనేం, ఇద్దరూ కలిసే పై తరగతికి వెళ్ళి ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎందుకు తిరగెయ్యలేదో తెలిశాక మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారట. అప్పటినుంచీ ఆ బళ్ళో ప్రశ్నపత్రాలు పంచగానే, ఇది రేకు కాదర్రా, తిరగేసుకోవచ్చు అని చెప్పడం ఆనవాయితీ అయిపోయింది.

ఇంక కళ్ళు మూసుకో.

ఏంటీ? మెల్లిగా చెబితే నాకెలా వినబడుతుంది, ఇటు తిరిగి చెప్పు. కూడమంటే తీసివేశావా? గుర్తు సరిగ్గా చూడలేదా? మూడు లెక్కలూనా?

ఊఁ.

పోయాయి తల్లీ. అవి అతకవు. ఏడుపొస్తే ఏడువు, నా చీర కొంగు ఉంది. పొద్దున్నుంచీ ఒక్కదానివే మోసుకుని తిరిగావా ఇది? మీ అమ్మకి పొద్దున్న నువ్వే చెప్పు, నేను పక్కనుంటాను. రేపు పరీక్ష ఉంది కదూ. దాని వంక చూద్దాం.

మళ్ళీ ఏంటి? ఆకలా? మరి ఆ కడుపునొప్పి ఎటు పోయిందో. లేచి కూర్చో, డబ్బాలో పూతరేకు ఒకటి దాచాను. దుప్పటి మీద రాల్చకు, చీమలు పడతాయి. మూతి తుడుచుకుని ఇలా రా, చెయ్యి నా మీద వెయ్యి. నాతోపాటు చెప్పు.

చిరిగిన రేకు లోపలికి,
నిండు రేకు పైపైకి,
ఇవాళ్టి తప్పు ఇవాళ్టికి,
రేపటి ఎండ వాకిటికి,
కడుపునొప్పి గోదాట్లోకి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.